గేరు మార్చినప్పుడు గర్రుమంటే గేర్‌బాక్స్ పోయినట్టేనా? 1995 మియాటా యజమానికి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. 1995 మోడల్ మాజ్దా మియాటా, 5 గేర్ల మాన్యువల్, 1,40,000 మైళ్ళు తిరిగిన బండి. ఆస్టిన్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొని నాలుగు నెలలైంది. చలిగా ఉన్న పొద్దుటి పూట మొదటి పది నిమిషాలు సెకండ్ గేరు గర్రుమంటూ పడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఫస్ట్ గేరు మొండికేస్తోంది, రివర్స్ వేస్తే పళ్ళు నూరినట్టు శబ్దం. న్యూట్రల్‌లో నిలబెడితే సన్నగా హోరు వస్తోంది, క్లచ్ తొక్కగానే ఆగిపోతోంది. షాపులో ఒకసారి నడిపి చూసి గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

మార్చకండి. ఇప్పుడైతే అస్సలు వద్దు. మీరు రాసినవి ఒకే జబ్బు లక్షణాలు కావు, మూడు వేరువేరు జబ్బులవి. ఫస్ట్, రివర్స్ మొండికేయడం క్లచ్ పూర్తిగా విడవకపోవడం వల్ల, అంటే గేర్‌బాక్స్ బయట ఉన్న సమస్య. చలిలో సెకండ్ గర్రుమనడం పాత ఆయిల్, కొంచెం అరిగిన సింక్రో (గేరు పడేముందు వేగాలని కలిపే రింగు) కలిసి చేస్తున్న పని. న్యూట్రల్ హోరు చాలావరకు ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడుని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్‌ది. అది వయసుతో వచ్చింది, కంగారు పడాల్సింది కాదు. మొదటి రెండింటికీ గేర్‌బాక్స్ కిందికి దించాల్సిన పనే లేదు. మూడోదానికి దించాలి గానీ, అది ఈ ఏడాదే చేయాలని ఎవరూ చెప్పలేరు.

నేనెవరో రెండు ముక్కల్లో చెప్తాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్స్ పని చేసేవారు. వేసవి సెలవుల్లో షెడ్డులో కూర్చుని విప్పిన పళ్ళనీ బేరింగుల్నీ డీజిల్లో కడగడం నా పని. లారీ వచ్చి ఆగితే నాన్న ముందు పానా పట్టుకునేవారు కాదు. డ్రైవర్‌ని కూర్చోబెట్టి అడిగేవారు: "ఎప్పుడొస్తోందయ్యా శబ్దం? క్లచ్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా? లోడు మీదా, ఖాళీగానా? ఏ గేర్లో?" ఎక్కడ నుంచి వస్తోందని మాత్రం అడిగేవారు కాదు. ఇనప డబ్బాలో శబ్దం ఎక్కడ పుట్టినా డబ్బా అంతా మోగుతుంది, చెవిని నమ్మి చోటు చెప్పలేం అనేవారు. నేనిప్పుడు ఒహాయోలో ఉంటున్నాను. పదిహేడేళ్ళుగా ఈ మియాటాల మీదే ఉన్నాను. నావి రెండు, స్నేహితులవి చాలా. ఇప్పటికీ ముందు అడిగేది నాన్న అడిగిన ప్రశ్నలే.

మీ బండికి అవే ప్రశ్నలు వేద్దాం.

బండి ఆపి, ఇంజన్ ఆన్‌లో, న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ మీద నుంచి కాలు తీయండి. ఇప్పుడు క్లచ్ ప్లేటుతో పాటు ఇన్‌పుట్ షాఫ్ట్, దానితో లే షాఫ్ట్ (దాని పక్కనే ఉండి గేర్లని తిప్పే రెండో కడ్డీ) తిరుగుతుంటాయి. పెడల్ తొక్కితే అవి రెండూ ఆగిపోతాయి. కాబట్టి కాలు తీస్తే వచ్చి, తొక్కితే పోయే హోరు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌దో లే షాఫ్ట్ బేరింగులదో. మీది ఇదే. దీనికి ఉల్టాగా, తొక్కినప్పుడు మొదలయ్యే కీచు శబ్దమైతే అది క్లచ్‌ని నొక్కి విడదీసే రిలీజ్ బేరింగ్. గేర్లో వేసి, పెడల్ పూర్తిగా తొక్కి నిలబెట్టినప్పుడే వస్తే ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్‌ని అనుమానించాలి, ఎందుకంటే ఇంజన్ తిరుగుతూ ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోయి ఉండే స్థితి అదే. ఈ రెండూ క్లచ్ మార్చేటప్పుడు ఎలాగూ మార్చేవే.

ఇక ఫస్ట్, రివర్స్ సంగతి. ఇది మీకు అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఇంజన్ ఆపేసి, ఒక్కో గేరూ వేసి చూడండి. అన్నీ వెన్నలా పడుతున్నాయా? ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి అవే మళ్ళీ వేయండి. ఆపినప్పుడు పడి, స్టార్ట్ చేశాక మొండికేస్తే, లివర్ నుంచి లోపల గేర్లు మార్చే ఫోర్కుల దాకా అన్నీ బాగానే ఉన్నట్టు లెక్క. పెడల్ తొక్కినా ఇంజన్ ఇంకా ఇన్‌పుట్ షాఫ్ట్‌ని కొంచెం ఈడుస్తోందన్నమాట. ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష: న్యూట్రల్‌లో పెడల్ నేలకంటా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి, మెల్లగా రివర్స్ వేయండి. అంతసేపట్లో లోపల తిరిగేవి ఆగిపోవాలి. అయినా గర్రుమంటే క్లచ్ విడవట్లేదు. చివరిగా, పెడల్‌ని గబగబా రెండు మూడుసార్లు కొట్టి వెంటనే గేరు వేయండి. అప్పుడు చక్కగా పడితే, పెడల్ నొక్కుడుని క్లచ్ దాకా మోసే ఆయిల్ లైనులో ఎయిర్ పట్టిందనో, దాని సిలిండర్ లీకవుతోందనో అర్థం.

మియాటాలో ఇది ఎంత మామూలంటే, కొత్తగా కొన్నవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా నేను మొదట స్లేవ్ సిలిండర్ (ఆ లైను చివర ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) చూడమనే చెప్తాను. అది గేర్‌బాక్స్ ముందు భాగంలో, బండి కుడివైపు, బయటే రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. దాని చివర చిన్న రబ్బరు టోపీ ఉంటుంది. వేలితో ఆ టోపీ అంచు పక్కకి లాగి చూడండి. లోపల పొడిగా ఉండాలి. నల్లటి చుక్కలు కారితే సిలిండర్ లోపలి రబ్బరు పోయినట్టే. బానెట్ కింద క్లచ్ ఆయిల్‌కి విడిగా ఒక చిన్న డబ్బా ఉంటుంది, బ్రేక్ ఆయిల్ డబ్బాతో కలిపి పొరబడకండి. అందులో ఆయిల్ కాఫీ డికాషన్ రంగులోకి మారి, అడుగున మడ్డి కనిపిస్తే అది కూడా రబ్బరు అరిగిన గుర్తే. ఇందులో పోయాల్సింది డాట్ 3 బ్రేక్ ఆయిల్.

మా ఊళ్ళో ఒక తెలుగబ్బాయి 1992 బండి కొన్నాడు. సరిగ్గా మీకు చెప్పినట్టే అతనికీ ఒక షాపులో చెప్పారు. ముందు క్లచ్ సెట్ మార్చారు, డబ్బులు తీసుకున్నారు, ఫస్ట్ గేరు మాత్రం అలాగే మొండికేసింది. ఆ తర్వాత గేర్‌బాక్స్ అన్నారు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళి టోపీ లాగగానే ఆయిల్ మోచేతి దాకా కారింది. ఒక శనివారం పొద్దున స్లేవ్ సిలిండర్, దానికి వెళ్ళే రబ్బరు పైపు మార్చి, ఎయిర్ తీశాం. మధ్యాహ్నం భోజనానికి ఆ బండిలోనే వెళ్ళాం. క్లచ్ మార్చడానికి అతను పెట్టిన డబ్బు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే. చదువుకుంటూ పార్ట్‌టైమ్ పనిచేసి దాచుకున్న డబ్బు అది.

స్లేవ్ మార్చినప్పుడు పాత రబ్బరు పైపుని వదిలేయకండి. ముప్పై ఏళ్ళ రబ్బరు, పెడల్ తొక్కినప్పుడల్లా బెలూన్‌లా కొంచెం ఉబ్బుతుంది. ఉబ్బినంత మేరా క్లచ్ దగ్గర కదలిక తగ్గిపోతుంది. ఇంజన్ వేడెక్కాక ఇంకా ఎక్కువ. "పొద్దున బాగానే ఉంటుంది, ట్రాఫిక్‌లో అరగంట నడిపాక ఫస్ట్ పడదు" అని ఎవరైనా అంటే నాకు ముందు ఆ పైపే గుర్తొస్తుంది. ఇంకోటి, స్లేవ్ పోయిందంటే, పెడల్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కీ అదే వయసు. కొత్త స్లేవ్ వేశాక నెల తిరక్కుండా మాస్టర్ లీకవడం నేను రెండుసార్లు చూశాను. వీలైతే రెండూ కలిపి మార్చండి. పెడల్ పైన, డ్యాష్‌బోర్డ్ కింద తల పెట్టి టార్చి వేసి చూస్తే మాస్టర్ కారుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు సెకండ్ గేరు.

గర్రుమన్నప్పుడు గేరు పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయని చాలామంది భయపడతారు. నిజానికి ముందుకెళ్ళే గేర్ల పళ్ళు ఎప్పుడూ జత కలిసే తిరుగుతుంటాయి, అవి విడిపోవు. మీరు లివర్‌తో కదిపేది ఒక స్లీవ్‌ని. అది జరిగి గేరు పక్కనున్న చిన్న పళ్ళ వరసలోకి దిగుతుంది. దిగేముందు రెండింటి వేగం కలవాలి. కలిపేది సింక్రో రింగు. చేతికి వేసుకునే గాజులా ఉంటుంది, ఇత్తడిది. లోపలి వైపు సన్నటి గీతలు, దారం చుట్టినట్టు. ఆ గీతలు ఆయిల్ పొరని తుడిచేసి గేరు మీదున్న కోన్‌ని గట్టిగా పట్టుకుంటాయి. గీతలు అరిగి నున్నగా అయితే పట్టు జారుతుంది, వేగం కలవకముందే స్లీవ్ తగులుతుంది, ఆ చప్పుడే మీకు వినిపించే గర్ర్. విప్పిన గేర్‌బాక్స్‌లో రింగుని కోన్ మీద వేలితో నొక్కి, రింగుకీ గేరుకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూస్తాం. మాజ్దా లెక్కలో కొత్తదానికి ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి, 0.8 కంటే తగ్గితే రింగు మార్చాలి. అంటే రింగు బతుకంతా ఒక మిల్లీమీటరు లోపలే.

చలిలో ఆయిల్ చిక్కబడుతుంది. చిక్కటి ఆయిల్‌ని తుడిచి కోన్‌ని పట్టుకోవడం అరిగిన రింగుకి కష్టం. ఫస్ట్ నుంచి సెకండ్‌కి వేగం తేడా కూడా ఎక్కువ: ఈ బాక్స్‌లో గేరు నిష్పత్తులు (బయటికి ఒక చుట్టు రావడానికి ఇన్‌పుట్ షాఫ్ట్ తిరిగే చుట్లు) ఫస్ట్ 3.136, సెకండ్ 1.888, థర్డ్ 1.330. ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య ఉన్నంత దూకుడు మిగతా ఏ రెండు గేర్ల మధ్యా లేదు, అందుకే అరుగుదల ముందు సెకండ్‌లో బయటపడుతుంది. ఈ మోడల్ బళ్ళన్నిటికీ చలిలో సెకండ్ కొంత బిగుసుగా ఉండడం పుట్టుకతో వచ్చిన గుణమే. బిగుసుగా ఉండడం వేరు, గర్రుమనడం వేరు. బిగుసుతనం వేడెక్కితే పోతుంది, దాన్ని వదిలేయొచ్చు. వేడెక్కాక కూడా గర్రుమంటే రింగు అరిగింది.

మీకు వేడెక్కాక పోతోందని రాశారు. మంచి గుర్తు. ఒకసారి డబుల్ క్లచ్ చేసి చూడండి: క్లచ్ తొక్కి న్యూట్రల్, కాలు తీయండి, మళ్ళీ తొక్కి సెకండ్. పాత లారీల్లో సింక్రోలు లేని రోజుల్లో డ్రైవర్లందరూ చేసింది ఇదే. ఇలా చేస్తే చలిలో కూడా చప్పుడు లేకుండా పడితే, తేడా సింక్రోలోనే ఉందని తేలిపోతుంది. అన్ని గేర్లూ గర్రుమంటే మాత్రం సింక్రోల జోలికి వెళ్ళకండి. అన్ని రింగులూ ఒకేసారి అరగవు. అది మళ్ళీ క్లచ్చే.

మందు ముందు ఆయిల్‌తో మొదలుపెట్టాలి. ఈ బాక్స్‌లో పట్టేది రెండు లీటర్లు, చిక్కదనం 75డబ్ల్యూ-90. మాజ్దా మాన్యువల్ జీఎల్-4, జీఎల్-5 అనే గేర్ ఆయిల్ రకాలు రెండిటినీ ఒప్పుకుంటుంది. నేను జీఎల్-4 మాత్రమే పోస్తాను. జీఎల్-5 వెనక చక్రాలకి తిప్పుడుని పంచే డిఫరెన్షియల్ పళ్ళ కోసం చేసింది, అందులో సల్ఫర్, ఫాస్ఫరస్ మందులు ఎక్కువ. డిఫరెన్షియల్‌కి జారుడు కావాలి, సింక్రో రింగుకి పట్టు కావాలి. పాత జీఎల్-5 ఆయిల్స్ ఇత్తడిని తినేసేవి కూడా. మీ డిఫరెన్షియల్‌లో మాత్రం జీఎల్-5 పోయండి, అక్కడ జీఎల్-4 పనికిరాదు.

ఒక జాగ్రత్త: కింది డ్రెయిన్ ప్లగ్ విప్పకముందు పక్కనున్న ఫిల్లింగ్ ప్లగ్ విప్పండి. అది తుప్పు పట్టి రాకపోతే, ఆయిల్ మొత్తం తీసేసి మళ్ళీ పోయడానికి దారి లేక బండి స్టాండ్ల మీదే ఉండిపోతుంది. స్టాండ్లంటే గుర్తొచ్చింది, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. నాలుగు స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఊపి చూసి, అప్పుడు దూరండి. బండి సమంగా ఉండాలి, లేకపోతే ఆయిల్ మట్టం తప్పుతుంది. ఫిల్లింగ్ కన్నం నుంచి ఆయిల్ బయటికి కారడం మొదలైతే నిండినట్టు.

దిగిన పాత ఆయిల్‌ని వెంటనే పారబోయకండి. గేర్‌బాక్స్ గురించి షాపువాళ్ళ కంటే అదే నిజం చెప్తుంది. డ్రెయిన్ ప్లగ్‌కి ఉన్న అయస్కాంతం మీద బూడిద రంగు పేస్ట్ ఉంటుంది, కాటుకలా వేళ్ళకి అంటుకుంటుంది. అది మామూలే. వేళ్ళ మధ్య నలిపితే గుచ్చుకునే ముక్కలుంటే, పెంకుల్లాంటివి తగిలితే, అప్పుడు టెన్షన్ పడాలి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆయిల్‌ని ట్రేలో పోసి ఎండలో పెట్టి చూడండి. బంగారు పొడి చల్లినట్టు కొంచెం మెరిస్తే సింక్రోలు అరిగినట్టు, ఆ వయసు బండికి ఆశ్చర్యం లేదు. ట్రే అడుగు అంతా మెరిస్తే ఒక రింగు చివరికొచ్చింది.

ఇంకో చప్పుడు గురించి కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. నా 1996 బండిలో ఒక ఎండాకాలం హైవే మీద గేర్‌బాక్స్ నుంచి గరగరమని హోరు మొదలైంది. బేరింగ్ పోయిందని నిర్ణయించేసుకుని, సెకండ్‌హ్యాండ్ బాక్స్ కోసం వెతకడం కూడా మొదలుపెట్టాను. ఒకరోజు ఊరికే లివర్ మీద చెయ్యి ఆనించాను, చప్పుడు ఆగిపోయింది. తీశాను, మళ్ళీ వచ్చింది. లివర్ కింద, గేర్‌బాక్స్ పైన ఒక చిన్న బావిలాంటి గూడు ఉంటుంది, దానికి మెయిన్ బాక్స్‌తో సంబంధం లేని సొంత ఆయిల్ ఉంటుంది, వంద మిల్లీలీటర్ల లోపే. నాది ఎండిపోయి ఉంది. లివర్ అడుగున ఉండే ప్లాస్టిక్ బుష్ విరిగి రెండు ముక్కలైంది, రబ్బరు బూటు చిరిగి కింది వేడి, చప్పుడు అన్నీ లోపలికే వస్తున్నాయి. మీది కూడా ముప్పై ఏళ్ళ బండి కాబట్టి, లివర్ చుట్టూ వేడిగాలి తగులుతోందేమో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. కన్సోల్ తీసి, బూటు విప్పి, మూడు బోల్టులు తీస్తే లివర్ చేతిలోకి వస్తుంది. బుష్, బూటు, ఆయిల్ మార్చితే గేర్లు కొత్త బండిలా పడతాయి. మొత్తం పని పూట లోపల అవుతుంది.

మరి గేర్‌బాక్స్ నిజంగా ఎప్పుడు పోయినట్టు?

ఈ బాక్స్‌లో ఫోర్త్ గేరు డైరెక్ట్. అంటే ఇన్‌పుట్ షాఫ్ట్, చక్రాల వైపు తిప్పుడుని పంపే మెయిన్ షాఫ్ట్ ఒకే కడ్డీలా కలిసిపోతాయి, లే షాఫ్ట్ తిరుగుతుంది గానీ దాని మీద లోడు ఉండదు. ఖాళీ రోడ్డు మీద థర్డ్‌లో, ఫోర్త్‌లో, ఫిఫ్త్‌లో ఒకే వేగంలో యాక్సిలరేటర్ తొక్కి వినండి. థర్డ్, ఫిఫ్త్‌లో అరిచి, ఫోర్త్‌లో నిశ్శబ్దమైతే లే షాఫ్ట్ బేరింగులు. అన్ని గేర్లలోనూ ఒకేలా అరిచి, న్యూట్రల్‌లో పడేసి బండి దొర్లుతున్నా అరిస్తే, అది చాలావరకు గేర్‌బాక్స్ కాదు, వెనక డిఫరెన్షియల్‌నో చక్రాల బేరింగుల్నో చూసుకోవాలి. ఒక గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లోకి వస్తుంటే, ముఖ్యంగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడు, స్లీవ్ పళ్ళు గుండ్రంగా అరిగాయనో ఫోర్కు వంగిందనో అనుమానం. లే షాఫ్ట్ అరుపు గానీ, గేరు జారడం గానీ కనబడితే, లేదా ప్లగ్ మీద పెంకులు దొరికితే, అప్పుడు గేర్‌బాక్స్ దించడం న్యాయం.

దించాల్సి వచ్చినా మీ బాక్స్‌కి మరమ్మతు చేయించే ముందు సెకండ్‌హ్యాండ్‌ది వెతకండి. తర్వాతి తరం మియాటాల్లో 2005 దాకా వచ్చిన 5 గేర్ల బాక్స్ మీదాంట్లో కూర్చుంటుంది, కాబట్టి తక్కువ తిరిగినవి ఇంకా దొరుకుతున్నాయి. 1999 నుంచి కొన్నింట్లో వచ్చిన 6 గేర్లది వేరే బాక్స్, దాని జోలికి వెళ్ళొద్దు. దించే మెకానిక్‌కి ఈ బండి తెలిసి ఉండాలి. మియాటాలో గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా ఒక పొడుగాటి అల్యూమినియం ఫ్రేమ్ కలుపుతుంది. గేర్‌బాక్స్ తోకని మోసేది అదే, దానికి విడిగా క్రాస్ మెంబర్ ఉండదు. తిరిగి బిగించేటప్పుడు ఎత్తు కొలిచి సరిచూడకపోతే కొత్త బాక్స్‌తోనే కొత్త వణుకు, కొత్త చప్పుడు మొదలవుతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక బండిలో "రిపేరు తర్వాత వచ్చిన శబ్దం" ఆ ఫ్రేమ్ బోల్టు ఒకటి వదులుగా ఉండడమే.

మీరు చేయాల్సిన వరస ఇది: ఈ వారం స్లేవ్ టోపీ లాగి చూడండి, క్లచ్ ఆయిల్ రంగు చూడండి. కారుతుంటే స్లేవ్, మాస్టర్, పైపు మార్పించండి. క్లచ్ సరిగ్గా విడిచేదాకా సెకండ్ గేరు గురించి ఏ నిర్ణయానికీ రాకండి. విడవని క్లచ్ సింక్రోల మీద రోజూ అదనపు భారం వేస్తుంది, దాన్ని సరిచేస్తే సెకండ్ కూడా సగం నయమవడం నేను చూశాను. ఆ తర్వాత గేర్ ఆయిల్ మార్చండి, చలిలో మొదటి పది నిమిషాలు మెల్లగా గేరు వేయండి. న్యూట్రల్ హోరు ఎంత ఉందో ఇవాళే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఆరు నెలలకోసారి అదే చోట, ఇంజన్ అంతే వేడిగా ఉన్నప్పుడు మళ్ళీ రికార్డు చేసి పోల్చండి. పెరగకపోతే, క్లచ్ ప్లేటు అరిగి ఎలాగూ బాక్స్ దించే రోజున ఆ బేరింగ్ కూడా వేయించుకుంటే సరిపోతుంది.

ఆయిల్ దించాక ట్రే, ప్లగ్ రెండిటికీ ఫోటోలు తీసి పెట్టండి. ప్లగ్ ఫోటో తుడవకముందే తీయండి.